బంగారు వేలు

మా వార్డులో మందుల బీరువా నర్సుల వేలిముద్ర పెడితేనే తెరుచుకుంటుంది. నేను పెడితే మాత్రం ఎర్ర లైటే. వేళ్లన్నీ మార్చి మార్చి నొక్కాను, కోటుకు తుడిచి నొక్కాను. ఆపరేషనైన పెద్దాయన నొప్పికి పళ్లు బిగబట్టి నన్నే చూస్తున్నాడు.

రోజంతా చేతులు కడిగీ కడిగీ నా వేలిముద్రలు అరిగిపోయాయి మొర్రో అంటే, మెషీన్ బిగించినవాళ్లు క్రీము రాసుకోమన్నారు. ఆ సలహాకి ఒళ్లు మండిపోయింది. అయినా రాసుకుంటున్నాను.

"జరుగు," అంటూ హెడ్ నర్సు వచ్చింది. అప్పటిదాకా చివరి మంచం దగ్గర చీము పట్టిన గాయానికి కట్టు మార్చి, గ్లవ్స్ తీసి పారేసి నేరుగా ఇటే వచ్చింది. వేలు ఆనించిందో లేదో, బీరువా తెరుచుకుంది.

"చూశావా? వార్డంతా ఈ బంగారు వేలి మీదే నడుస్తోంది."

ఎప్పుడూ ఆ మాటకి నవ్వేదాన్ని. ఈసారి నవ్వు రాలేదు. ఈ మధ్య వార్డులో ఒకరి తర్వాత ఒకరికి కుట్లు చీము పడుతున్నాయి. ఎందుకో ఎవరికీ అంతుపట్టడం లేదు.

"అక్కా, మందు ముట్టుకోకండి. ముందు చేతులు కడుక్కుని రండి."

"గ్లవ్స్ వేసుకునే చేశాగా," అంది మొహం మాడ్చుకుని. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

ఇవాళ హెడ్ నర్సే బీరువా ముందు నిలబడి వేళ్లు మార్చి మార్చి నొక్కుతోంది. ఎర్ర లైటు. మళ్లీ ఎర్ర లైటు.

"దిక్కుమాలిన మెషీన్," అని విసుక్కుని, నా వైపు చెయ్యి చాపింది. "ఏదీ, ఆ క్రీము కాస్త ఇలా ఇయ్యి."