పారిపోయి ఉండడు

"హీ కాంట్ హావ్ రన్ అవే అంటే ఏంది బిడ్డా?" కూలికి తెచ్చిన చీరకు మెరుపు రాళ్లు అంటిస్తూ అడిగింది రాజమ్మ.

సుమనకు కాలేజీలో డిటెక్టివ్ కథలతో ఇంగ్లిషు నేర్పుతున్నారు. ఆమె పైకి చదువుతుంటే తల్లి వింటోంది.

"పారిపోయి ఉండనే ఉండడు అని. రన్ అవే అంటే పారిపోవుడు. కాంట్ హావ్ అంటే గా పని జరిగే ముచ్చటే లేదని."

"డిటెక్టివుకు ఎట్ల తెలిసింది?"

"ఆ తప్పిపోయిన మనిషి గాయబైన పొద్దున్నే గడియారం బాగుచెయ్యనిచ్చిండట. పారిపోయేటోడు ఎందుకిస్తడు?"

రాజమ్మ చేయి ఆగిపోయింది.

రెండేళ్ల కిందట ఖటోదరాలోని బట్టల మిల్లుకు వెళ్లిన ఆమె భర్త రాజలింగం తిరిగి ఇల్లు చేరలేదు. ఎవరో ఆడమనిషిని తీసుకుని పారిపోయాడని వాడకట్టంతా అంది. తల్లీకూతుళ్లు అదే నమ్మారు. పరువు పోతుందని పోలీసులకూ చెప్పలేదు.

"మీ నాయన ఆ పొద్దున చష్మా బాగుచెయ్యనిచ్చిండు. పొద్దుమీకి నన్ను తెమ్మన్నడు. పారిపోయిండన్న కోపంల నేను పోనే లేదు."

సుమన పుస్తకం పక్కన పెట్టింది. "అమ్మా, చష్మా లేకుంటె నాయనకు..."

"ఎదురుంగ లారీ వచ్చినా కనపడదు."

రాజమ్మ చీర మడిచి పక్కన పెట్టింది.

"మరి ఇందాక చదివినవు, మస్ట్ హావ్ అంటే?" మెల్లగా అడిగింది రాజమ్మ.

"అయ్యే ఉంటది అని."

"రెండేండ్లు తిట్టుకుంటనే కూసున్న. దినాలు గూడ చెయ్యకపోతి," అంది రాజమ్మ.

రాజలింగం కోసం ఆమె ఏడవడం అదే మొదటిసారి.