తీగ మీద మూగాయన

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా, తాతా?"

జ్లాట్కా ప్రతి శనివారం ఆయన్ని అడిగే మాటే అది.

ముసలాయన బదులివ్వలేదు. ఎప్పటిలాగే టికెట్టు చూపించి, పట్టీలు కట్టమన్నట్టు చేతులు చాచాడు.

రొదోపీ కొండల్లో, ఎలుగుబంట్ల పార్కు మీదుగా ఈ కొండ నుంచి ఆ కొండకు ఉక్కుతీగ కట్టి ఉంది. మనుషులకు పట్టీలు బిగించి, తీగమీది చక్రానికి తగిలించి, వీపు తట్టి పంపడం జ్లాట్కా ఉద్యోగం.

అందరూ కేకలేస్తూ జారుతారు. ఈయన మాత్రం కిందికే చూస్తూ చప్పుడు లేకుండా జారిపోతాడు. పార్కులో ఆయనకు మూగాయన అని పేరు పడిపోయింది. ఈ వయసులో ఈ సరదా ఏమిటో అని వరుసలో వాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు.

తీగ ఎక్కబోయేవాళ్లకు జ్లాట్కా మలీనా సంగతి చెప్పేది. కింద తిరిగే ఆ ముసలి ఎలుగుకు ఒకప్పుడు ముక్కున ఇనుప రింగు ఉండేదట. వీధుల్లో ఆడించేవారట. ఇక్కడికొచ్చాక గాని రెండు కాళ్ల మీద లేవడం మానలేదట.

"దాన్ని ఆడించి పొట్ట పోసుకున్నవాడి చెయ్యి పడిపోను," అని ముగించేది.

మూగాయన కూడా తలొంచుకుని వినేవాడు.

ఆ ఏడు సెయింట్ జార్జి పండగ శనివారం వచ్చింది. జార్జి పేరే ఆడపిల్లలకు గెర్గానా అవుతుంది గనక, జ్లాట్కా కూతురు గెర్గానాకు అది పేరు పండగ. పిల్ల కొత్త ఎర్ర స్కార్ఫు వేసుకుని, చాక్లెట్ల డబ్బాతో వచ్చి అందరికీ పంచింది. మూగాయనకూ ఒకటిచ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి దీవించాడు.

ముందు పండగపిల్లను వెళ్లనిమ్మన్నట్టు పక్కకు తప్పుకున్నాడు కూడా.

కబుర్లలో పడి జ్లాట్కా కూతురికి పట్టీలైతే బిగించింది గాని, స్కార్ఫు తీయించడం మరిచిపోయింది.

సగం దూరం వెళ్లాక ఆ స్కార్ఫు ఎగిరి చక్రంలో చుట్టుకుంది. అదృష్టం బాగుండి మెడలోంచి ఊడొచ్చింది. చక్రం మాత్రం బిగుసుకుపోయింది.

"అమ్మా!"

గెర్గానా సరిగ్గా మలీనా నెత్తిన వేలాడుతోంది.

తీగ పట్టుకుని ఒక ఉద్యోగి ఆమె దాకా వెళ్లాడు. చక్రం ముందుకూ రాదు, వెనక్కూ పోదు. తాడు కట్టి నేల మీదికి దించడమొక్కటే దారని అక్కణ్నుంచే అరిచి చెప్పాడు.

నేల మీద మలీనా కూర్చుని పైకే చూస్తోంది.

దాన్ని చూసుకునే స్టమాత్ కంచె అవతల నుంచి ఆపిల్స్ విసిరాడు. తేనె పూసిన రొట్టె విసిరాడు. పేరు పెట్టి పిలిచాడు. అది కదల్లేదు.

కొండ వెనక ఉరిమింది. ఉక్కుతీగ మీద పిడుగు పడితే ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు.

మూగాయన తన పట్టీలు విప్పుకుని మెట్లు దిగాడు. కంచె దగ్గరికెళ్లి స్టమాత్ వంక చూశాడు. స్టమాత్ మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు ముసలాయన నోరు తెరిచాడు.

"పెంబా! రా తల్లీ. ఇట్రా, పెంబా."

పైనున్న జ్లాట్కా నిర్ఘాంతపోయింది.

మలీనా చెవులు నిక్కించింది. ఉన్నట్టుండి వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. ముసలాయన ఏదో పాట కూనిరాగం తీస్తూ కంచె వెంట నడిచాడు. ఇవతల ఆయన, లోపల అది. ఒక్కో కాలే ఎత్తి వేస్తూ, ఊగుతూ, ఆడుతూ ఆయన వెంట పోయింది.

చూసేవాళ్లు నవ్వి చప్పట్లు కొట్టారు.

"కొట్టకండయ్యా," అని ఆయన ఏడుస్తూ బతిమాలాడు. "మీకు దణ్ణం పెడతాను, చప్పట్లు కొట్టకండి."

అది గూట్లోకి వెళ్లగానే స్టమాత్ తలుపు దించేశాడు. ఇక్కడ తాడు దిగింది. గెర్గానా కాళ్లు నేలకు తగిలాయి.

జ్లాట్కాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పరుగున వచ్చి కూతుర్ని తిట్టింది, ముద్దులు పెట్టుకుంది, మళ్లీ తిట్టింది. అంతలోనే వాన విరుచుకుపడింది. తల్లీకూతుళ్లు తడిసి ముద్దవుతూ నవ్వుతూనే ఉన్నారు.

తేరుకుని, మిగిలిన చాక్లెట్లన్నీ పట్టుకుని ఆయన కోసం వెతికింది. గేటు దగ్గర లేడు, బస్సు ఆగే చోటా లేడు.

పై శనివారం వరుసలో ముందు చోటు ఆయనకే ఉంచింది. రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఉండబట్టలేక స్టమాత్ దగ్గరికెళ్లింది. మలీనా ఎండలో నాలుగు కాళ్లూ చాపుకుని హాయిగా నిద్రపోతోంది. మర్నాటికే ఆ ఆట సంగతి మరిచిపోయిందని, ఆ ముక్క ముసలాయనకు కబురు పెడితే ఆయన ఊపిరి పీల్చుకున్నాడని స్టమాత్ చెప్పాడు. ఇంకోసారి నోరు జారతానేమోనని భయపడి, ఇక రానన్నాడట.

"మాటొచ్చినవాడు ఇన్నాళ్లూ నాతో ఒక్క మాటైనా ఆడలేదేం, అన్నా?"

స్టమాత్ మలీనా వైపు చెయ్యి చూపించాడు.

"నీ తిట్లన్నీ ఆయనకేనమ్మా," అన్నాడు. "పెంబా అని పేరు పెట్టి పెంచుకున్నదాన్ని మా గేటు దాకా తనే నడిపించుకొచ్చి అప్పగించాడు. తన గొంతు వింటే లేచి మళ్లీ ఆడుతుందని, ఇక దీని దరిదాపుల్లో నోరు విప్పనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు."