మాట తప్పని రాజు

జమ్మలమడుగు కోర్టు మెట్లెక్కబోతున్న సత్తారు కాళ్లకు తిరుపాలమ్మ అడ్డం పడింది. ఆమె మొగుడు ఓబులేసు మీద ఖూనీ కేసు. కళ్లారా చూసిన సాక్షి సత్తారు ఒక్కడే.

“సత్తారన్నా, సంపింది ఆదినారాయణ కొడుకని నీకు తెల్దా?”

“తెలుసమ్మా. ఓబులేసు పేరు చెప్తానని ఆదినారాయణకు మాటిచ్చినా. కాన్పులో నా పెండ్లాం సచ్చిపోతాంటే, బండి కట్టించి ప్రొద్దుటూరు ఆసుపత్రికి చేర్చినోడు ఆయప్ప.”

“మన ఊరి నాటకంలో సత్యం తప్పని రాజు యేషం నీదే గదన్నా.”

“ఆ రాజు మాత్రం ఏం జేసినాడు? ఇచ్చిన మాట కోసం కన్నకొడుకునే సంపుకున్యాడు. ఊరంతా మొక్కిరి.”

“నేనూ మొక్కినా. నిన్ను జూసి ఏడ్సినా.” తిరుపాలమ్మ కళ్లు తుడుచుకుంది. “ఆ పిల్లోడు ఏమంటాడన్నా, సంపేటప్పుడు?”

ఇరవై ఏళ్లుగా ఆ వేషం కడుతున్న సత్తారు ఆలోచించాడు. నాటకంలో ఆ పిల్లవాడికి ఒక్క మాట కూడా లేదు. ఉండాలని అతనికి ఏనాడూ తోచలేదు.

లోపలి నుంచి బంట్రోతు సత్తారు పేరు పిలిచాడు. తిరుపాలమ్మ దారి వదిలింది.

బోనెక్కి ఓబులేసే చంపాడని చెప్పేటప్పుడు సత్తారు గొంతు వణికింది. అది ఖూనీని కళ్లారా చూసినవాడి వణుకనుకుని, జడ్జి అతణ్ణి పూర్తిగా నమ్మాడు.