గేటు ముందే ఆగే స్కూటరు

సరిగ్గా అన్నగారి గేటు ముందే పాత స్కూటరు మళ్లీ ఆగిపోయింది. వరసగా ఇది మూడో ఆదివారం.

“దీని దుంపతెగ!” అన్నాడు శాలేమురాజు, చర్చికి వెళ్తున్న సంగతి కూడా మర్చిపోయి.

“ఆదివారం పూట ఆ మాటలేంటండీ?” అంటూ వెనక సీటు దిగింది భార్య క్రిస్టినా.

“టాంకు నిండా పెట్రోలుంది. తెనాలి తీసుకెళ్లి చూపిస్తే బండి బంగారం సార్ అన్నాడు మెకానిక్కు. వారమంతా స్కూలుకి బుద్ధిగా వస్తుంది. ఆదివారం ఇక్కడికి రాగానే దీనికేం రోగం?”

“రోగం దానిక్కాదు. ప్రేమ ఉన్న తండ్రే బెత్తం తీస్తాడని చర్చిలో అయ్యగారు చెప్పలా? దేవుడు మిమ్మల్ని దండిస్తున్నాడు.”

“నన్నా! అమ్మ జ్ఞాపకార్థ కూడిక కరపత్రంలో నా పేరు అట్టడుగున, ప్రెస్సువాడి పేరుకి కాస్త పైన వేయించింది అన్నయ్య. దండించేదేదో ఆయన్నే దండించమను.”

“ఆ ముక్క పట్టుకుని నాలుగేళ్లుగా మాటల్లేవు. గురువారం హాసిని ప్రధానం. బాబాయి రాకపోతే ఉంగరం తొడిగించుకోనని ఫోన్లో ఒకటే ఏడుపు.”

శాలేమురాజు మళ్లీ కిక్కు కొట్టాడు. అన్న కూతురు హాసినిని భుజాల మీద మోసి పెంచాడు. వెళ్లాలనే ఉంది. పాడు రోషం, కాలు కదలనివ్వదు.

“వచ్చేవారం నుంచి వేరే సందులో వెళ్దాం.”

“దారి మారిస్తే దెబ్బ తప్పుతుందా? ఇప్పటికి స్కూటరుతో సరిపెట్టాడు. ఇక కాలో చెయ్యో...”

కాలు అనేసరికి శాలేమురాజు ఉలిక్కిపడి గేటు వంక చూశాడు. అన్న రాజారత్నం బైబిలు చంకలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. వీళ్లు కదిలితే తప్ప ఆయన బయటికి రాలేడు మరి.

“సరే ప్రభువా, కొట్టింది చాలు” అని గొణిగి గేటు తీశాడు శాలేమురాజు. “అన్నయ్యా, తప్పు నాదే.”

“పేరు కింద వేయించింది నేను కదరా” అన్నాడు రాజారత్నం. “గురువారం ఉంగరాల పళ్లెం నువ్వే పట్టుకోవాలి.”

అంతే, ఇద్దరూ వాటేసుకుని చిన్నపిల్లల్లా ఏడ్చారు.

వంటింట్లో తోడికోడలు ఫ్లోరెన్స్ కాఫీ కలుపుతుంటే, క్రిస్టినా నోటికి పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఎవరితో అనకక్కా. ఇంటిదగ్గర బయల్దేరేముందు పెట్రోలు ట్యాపు కట్టేసేదాన్ని. లోపల మిగిలిన చుక్క సరిగ్గా మీ గేటు దాకా వస్తుంది. ఈయన కిక్కు కొట్టీ కొట్టీ చెమట తుడుచుకునేటప్పుడు మళ్లీ తిప్పేసేదాన్ని.”

“ఓసి నీ అసాధ్యం కూలా! దేవుడి పేరు చెప్పి నువ్వు దండించావా?” పొట్ట పట్టుకుని నవ్వింది ఫ్లోరెన్స్. “మరి ఇవాళ తిప్పావా? ఆరాధనకి టైమవుతోంది.”

“అయ్యో, లేదక్కా! ఈయన చటుక్కున లోపలికి వచ్చేశారుగా. ఉండు, తిప్పొస్తా.”

క్రిస్టినా నవ్వుకుంటూనే వెళ్లి స్కూటరు పక్కన వంగింది. ట్యాపు తెరిచే ఉంది.

“ప్రభువా!” అంది.

పొద్దున తొందరలో దాన్ని కట్టడమే మర్చిపోయింది.