బూజు పట్టిన బంగారం

గాజుపళ్లెంలో బూజు కనిపించేసరికి పరిశోధకురాలికి ఒళ్లు మండిపోయింది.

ఎవరో ఇచ్చిన చర్మపు ముక్క నుంచి పెంచిన నాడీకణాలవి. కణాలు రసాయనాలతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయని అందరికీ తెలుసు. ఆ కబురు లోపలున్న జన్యువుదాకా వెళ్లి దాన్ని నిద్రలేపుతుందని చూపించినవి మాత్రం ఇవే. ఇంకెవరి కణాల్లోనూ ఆ జన్యువు కన్ను తెరవలేదు. అందుకే వాటిని ఆమె "బంగారం" అని పిలుచుకునేది.

ఫ్రీజర్‌లో దాచినవీ బతకలేదు. మళ్లీ అదే మనిషి చర్మం దొరక్కపోతే పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరే.

తల తిప్పితే, తలుపు లోపల, బయటి చెప్పులతో ఓ ముసలాయన.

"ఎవరయ్యా నువ్వు? లోపలికెలా వచ్చావు?"

"తలుపు తీసుందమ్మా. ఒక్కసారి చూసి పోదామని."

"చూడ్డానికి ఇదేమన్నా తిరనాళ్లా? నీలాంటివాళ్ల చెప్పులతోనే ఈ బూజంతా వచ్చేది. పేరేంటి?"

ముసలాయన కుడిచేయి వణుకుతోంది. రెండో చేత్తో దాన్ని అదిమి పట్టుకున్నాడు.

"పేరు చెప్పకూడదన్నారమ్మా."

"ఎవరన్నారు?"

"అదీ చెప్పకూడదేమో."

"అడిగితే పేరు చెప్పవు, ఎవరొద్దన్నారో చెప్పవు. దొంగతనానికొచ్చావా?"

"కోపమెందుకమ్మా, నేను..."

"నోరు మూసుకుని బయటికి నడు."

అక్కడితో ఆగలేదు. కాపలావాణ్ని పిలిచింది. అతను రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్తుంటే ముసలాయన వెనక్కి తిరిగి పళ్లేల వంకే చూశాడు. పీడ విరగడైందనుకుని ఆమె గడియ పెట్టి, చెప్పుల మరకల మీద మందునీళ్లు చల్లింది.

కాసేపటికి, చర్మపు ముక్కలు తీసి పంపే కింది అంతస్తు డాక్టరు ఫోన్ చేశాడు.

"మీ కణాలిచ్చినాయన మళ్లీ చర్మం ఇస్తానని పొద్దున్నే వచ్చారు మేడం."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "ఎక్కడున్నారు?"

"వెళ్లిపోయారు. ఇక ఇవ్వరట. మళ్లీ పిలవొద్దన్నారు."

"ఎందుకు? ఎవరేమన్నారు?"

"చెప్పలేదు. ఇచ్చేముందు తన కణాలెలా ఉన్నాయో చూసొస్తానని పైకి వచ్చారు, వద్దన్నా వినలేదు. సరే, పేరు మాత్రం చెప్పకండి అన్నాను. ఇచ్చినవాళ్ల పేరు మీ ల్యాబ్‌లో ఎవరికీ తెలియకూడదని రూలు పెట్టింది మీరే కదా?"

నేల మీద మందునీళ్లు ఇంకా ఆరలేదు.

ఆమె రెక్క పట్టించి గెంటించింది తన బంగారాన్నే.