ఇనుప కడుపు రాజు

గడియారాలు బాగుచేసే కుర్రాడు చదరంగంలో ఓడిపోయాడట. ఓడించింది మనిషి కాదట. పందెం కింద వాణ్ణే ఎగరేసుకుపోయిందట. ఎదురింటి ఇస్త్రీ ఆవిడ చెప్పిందంటూ పిన్ని ఈ ముక్క చెవిన వేసేసరికి, బొంగరం అని అందరూ పిలిచే పిల్ల చేతిలో ఉలి జారి, లేత్ మీద తిరుగుతున్న బంటు తల కాస్తా ఎగిరిపోయింది.

"ఆవిడ కళ్లారా చూసిందా?"

"చూసినవాళ్లని తను చూసిందట. కొట్టు బార్లా తీసి ఉందట. బల్ల మీద ఆట ఎక్కడిదక్కడే ఉందట, నల్లరాజు బోర్లా పడి ఉన్నాడట. వచ్చినవాళ్లకి తెల్లవిచ్చి వాడెప్పుడూ నల్లవాటితోనే కదా ఆడేది! ఇంక వేరే చెప్పాలా? దేవకన్య పట్టుకుపోయింది."

బొంగరం అసలు పేరు ఇంట్లోవాళ్లకే సరిగ్గా గుర్తు లేదు. పదేళ్లప్పుడు లేత్ దగ్గర నిలబడింది, పందొమ్మిదేళ్లొచ్చినా అక్కడే ఉంది. చదరంగం పావులు చెక్కడంలో ఆమె చెయ్యే చెయ్యి. గడియారాల కుర్రాడు నెలకోసారి, బంటు పోయింది ఇంకోటి చేసిపెట్టమంటూ వచ్చేవాడు. మనిషన్నవాడు నెలకో బంటు పోగొట్టుకుంటాడా? నాకోసమే వస్తున్నాడని ఆమె తేల్చేసుకుంది. పైకి ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. చెప్పుకోవాల్సిన పని ఉందని ఆమెకి తోచనేలేదు.

దేవకన్యలకి ఇనుము పడదని చంటిపిల్లల్నడిగినా చెబుతారు. రెండు రోజులు తిండి ధ్యాస లేకుండా కూర్చుని బొంగరం కొత్త జత చేసింది. పావు తూలకుండా నిలబడాలంటే అడుగున తొలిచి సీసం ముక్క దిగేస్తారు, పైన గుడ్డ అతికిస్తారు. అన్నిటికీ అలాగే చేసింది. నల్లరాజు కడుపులో మాత్రం మేకు ముక్కలు కోసి కుక్కింది.

మూడో రోజు మధ్యాహ్నం ఎండా వానా కలిసి పట్టాయి. దేవకన్యలు వచ్చే వేళ అదే. గడియారాల కొట్లో పావులు పేర్చి, తెల్లవి తనవైపు ఉంచుకుని బొంగరం ఒక్కతే కూర్చుంది. గోడనిండా గడియారాలు, తలో టైమూ చూపిస్తున్నాయి. మురికికాలవ వైపు ఉండే వెనక తలుపు కిర్రుమంది. అవతల కాలవ లేదు. చిక్కటి పచ్చటి అడవి ఉంది.

దేవకన్య వచ్చి ఎదురుగా కూర్చుంది. తన ఈడు పిల్లే. రెక్కలు మడిచిన గొడుగులా వీపుకి అంటుకుని ఉన్నాయి. వెనకాలే కుర్రాడు. బొంగరాన్ని చూడగానే వాడి మొహం పాలిపోయింది. నోరు తెరవబోయాడు.

"ఉష్! ఆట ముగిసేదాకా చూసేవాళ్లు పెదవి విప్పకూడదు," అంది దేవకన్య. బొంగరం వైపు తిరిగింది. "మా పద్ధతి ఒక్కటే. గెలిచినవాళ్లు ఏది అడిగితే అది ఓడినవాళ్లు ఇచ్చి తీరాలి. నేను గెలిస్తే నీ చేతుల్లో పనితనం నాది. మరి నువ్వు?"

"ఇతను ఇంటికొచ్చెయ్యాలి. మళ్లీ నీ గడప తొక్కకూడదు."

"ఇంకేదైనా అడగకూడదూ?"

"బేరాల్లేవు. పావులు నేను చేసినవి. వీటితోనే ఆడాలి. సరేనా?"

దేవకన్య బల్ల దగ్గరికి జరిగింది. "సరే."

పదో ఎత్తుకే బొంగరం గుర్రం ఒకటి పోయింది. దేవకన్య చెయ్యి నల్లరాజు మీదికి వెళ్లింది. బొంగరం ఆ వేళ్లనే చూస్తోంది. ఇప్పుడే ముట్టుకుంటే గుట్టు బయటపడుతుంది. ఆపైన రాజుని కదపకుండానే నెగ్గుకొస్తుంది మహాతల్లి. వేళ్లు గాల్లో ఆగాయి. ఆలోచించాయి. పక్కనున్న శకటుని తీసుకున్నాయి.

ఇరవయ్యో ఎత్తుకి మంత్రి కూడా పోయింది. బొంగరం తన చేతుల్ని చూసుకుంది. ఉలి పట్టడం రాని చేతులతో బతకడం ఎలాగో ఆమెకి తెలియదు. పళ్లు బిగించి ఏనుగుని బలిచ్చింది. మిగిలిన ఒక్క శకటుని ముందుకి తోసింది.

"చెక్."

అడ్డం పెట్టడానికి పావు లేదు. శకటుని చంపే దారీ లేదు. రాజు పక్క గడిలోకి జరగాల్సిందే. జరిగాడా, ఇంకో రెండెత్తుల్లో బొంగరం పని సరి. ఓరగా కుర్రాడి వైపు చూసింది. వాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పాపం, చూడలేకపోతున్నాడు అనుకుంది.

దేవకన్య రాజుని పట్టుకుంది. చుర్రుమంది. చెయ్యి వెనక్కి లాక్కుంది.

మళ్లీ పట్టుకుంది. ఈసారి వేళ్లు బొబ్బలెక్కేదాకా వదల్లేదు. రాజు లేవలేదు. మూడోసారీ పట్టుకుంది. పందెంలో వచ్చిన మనిషి కోసం ఇంత మొండితనమా అని బొంగరమే బిత్తరపోయింది.

"ఇది ఆట కాదు," అంది దేవకన్య. కళ్లనిండా నీళ్లు.

"సరేనన్నావుగా? కదుపు. లేదా ఓడానని చెప్పు."

బయట వాన పలచబడుతోంది. దేవకన్య లేచింది.

"ఓడాను."

కుర్రాడి వైపు చూడకుండానే గడప దాటింది. తలుపు మూసుకుంది. వాడు పరుగున వెళ్లి తలుపు లాగాడు. ఎదురుగా మురికికాలవ.

బొంగరం వెనకనుంచి వెళ్లి వాడి చెయ్యి పట్టుకుంది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేస్తున్నాయి.

"ఇంక భయం లేదు, పద. మీ అమ్మ మూడు రోజుల్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఓడిపోయావని ఎవరూ ఏమీ అనరులే. అంటే నేనూరుకుంటానా?"

వాడు చెయ్యి విడిపించుకున్నాడు.

"ఓడిపోయానని నీకెవరు చెప్పారు? ఆ రోజు నల్లవాటితో ఆడింది తను. గెలిచింది నేను, తనతో తీసుకుపొమ్మని అడిగిందీ నేనే."