మూసినకొద్దీ తెరుచుకునేవి

జిపార్ ఒకటి మూసింది. రెండు తెరుచుకున్నాయి.

బరువు తగ్గించే టీ. జూదం. మీ పక్క వీధిలోనే ఎదురుచూస్తున్న ఒంటరి మగవాళ్లు. కంప్యూటర్ తెర నిండా ప్రకటనలు ఈగల్లా ముసురుకున్నాయి. వాటి వెనక ఎక్కడో రాజధాని బిష్కెక్‌లోని బడివాళ్ల పరీక్ష పేజీ ఉంది. కాసేపట్లో పరీక్ష మొదలవుతుంది. ఫోన్లో రాయడానికి వీల్లేదు. ఇదివరకు రెండుసార్లు ఇలాగే తప్పిపోయింది. టీచరు ఉద్యోగానికి ఇదే ఆఖరి అవకాశమని వాళ్లు ముందే చెప్పేశారు.

“ఛీ! పో! చావు!” అంటూ మౌస్‌ని బల్లకేసి కొట్టింది జిపార్.

“దాన్ని కొడితే పాలిస్తుందా?” పొయ్యి దగ్గర నుంచి అత్తగారు అంది. ఆవిడ బోర్సోక్ రొట్టెముక్కలు నూనెలో వేయించడానికి పిండి పిసుకుతోంది. “మా రోజుల్లో ఆడది గుర్రాన్ని లొంగదీసేది. ఇప్పుడేమో ఎలకని పట్టుకుని ఏడుస్తోంది.”

అలిమ్‌కుల్ వచ్చి భార్య వెనక నిలబడ్డాడు. వేడి టీ గిన్నె ఆమె ముందు పెట్టి, భుజం మీద చెయ్యి వేశాడు.

“పోనీలే జిపార్. ఆ బడి లేకపోతే మనం బతకలేమా? నువ్వు రాయట్లేదని నేనే ఫోన్ చేసి చెప్పేస్తాలే.”

“రాస్తానండీ. ఎలాగైనా రాస్తాను.”

ఆ ఓదార్పుకే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. ఈ ఇంట్లో తన పక్షాన ఉన్నది ఈయనొక్కడే.

బల్ల మీదున్న ఫోన్ స్పీకర్లోంచి నుర్దిన్ గొంతు వినిపిస్తోంది. అలిమ్‌కుల్‌కి వరసకి తమ్ముడు. బజారులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. తన దుకాణంలో కూర్చుని అక్కడి నుంచే ఈ కంప్యూటర్‌ని గాలిస్తున్నాడు. తెర మీద బాణం గుర్తు దానంతటది పరుగులు పెడుతోంది.

“వదినా, నిన్న సాయంత్రం నేను దీన్ని కడిగిన ముత్యంలా చేసిచ్చానా, లేదా?”

“ఇచ్చావు.”

“మరి? ఇది జలుబులా గాలికి అంటుకునే రకం కాదు. ఉచితం అని ఊరించే ప్రోగ్రాం ఒకటుంటుంది. ఎవరో ఒకరు కూర్చుని దాన్ని ఎక్కించాలి. అడిగినదానికల్లా ‘సరే’ నొక్కాలి. దాని వెనకే ఈ ప్రకటనల మందంతా దిగుతుంది. పొద్దున దీని ముందు ఎవరు కూర్చున్నారు?”

జిపార్ ఆలోచించింది. పొద్దున తను ఆవుల దగ్గరుంది. అలిమ్‌కుల్ కారులో పెట్రోలు పోయించుకొస్తానన్నాడు. ఇంట్లో మిగిలింది ఒక్కరే.

ఆమె చూపు పొయ్యి వైపు తిరిగింది.

అలిమ్‌కుల్ అది గమనించి గొంతు తగ్గించాడు. “అమ్మే అయ్యుంటుంది. సీరియల్ చూద్దామని ఏదో నొక్కేసుంటుంది. ఏమీ అనకు, పెద్దది.”

తగ్గించిన గొంతే. అయినా పిండి పిసికే చేతులు ఆగిపోయాయి.

“హమ్మయ్య, దొరికింది!” నుర్దిన్ అరిచాడు. అంతలోనే “అరె” అన్నాడు. “తీసేద్దామంటే పాస్‌వర్డ్ అడుగుతోంది వదినా. నేను పెట్టింది కాదు. ఎక్కించినవాళ్లే తాళం వేసుకున్నారు. అదేంటో చెబితే చిటికెలో పని. లేదంటే మొత్తం తుడిచేసి మళ్లీ మొదలెట్టాలి. ఇవాళ్టికి పరీక్ష మర్చిపో.”

తాళం. అంటే పొరపాటున నొక్కింది కాదు.

జిపార్ అత్తగారి వైపు తిరిగింది. పెళ్లినాడు తన తలకి కొత్త కోడలి తెల్లగుడ్డ చుడుతూ, “నీ చదువు ఎక్కడికీ పోదు, నేనున్నాను” అని చెవిలో చెప్పిన మనిషి ఈవిడే. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్లూ ఎత్తిపొడుపులన్నీ నవ్వుతూ భరించింది.

“అత్తయ్యా, నా మీద కోపముంటే తిట్టండి. రెండు దెబ్బలు వెయ్యండి. ఇలా వెనక నుంచి గోతిలోకి తోస్తారా?”

అత్తగారు పొయ్యి దగ్గర నుంచి లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

“అమ్మతో ఏంటా మాటలు?” అలిమ్‌కుల్ కసిరాడు. “పెద్దామె, ఆ పాస్‌వర్డులవీ ఏం గుర్తుంటాయి? నుర్దిన్, నువ్వు ఫోన్ పెట్టేయ్.”

“పెట్టకు!” జిపార్ ఫోన్ లాక్కుంది.

“చిన్నోడా,” అంది అత్తగారు మెల్లగా. “ఇందాక ఎవరన్నావు? ఇంకోసారి చెప్పు.”

“నిన్ను తప్పుపట్టడం లేదమ్మా. తెలీక నొక్కానని ఒప్పేసుకో. ఇక్కడితో అయిపోతుంది.”

ఆవిడ కొడుకు మొహంలోకి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

తెర మీద ఒంటరి మగవాడొకడు చెయ్యి ఊపుతున్నాడు.

“పెద్దమ్మా, టైమైపోతోంది,” స్పీకర్లోంచి నుర్దిన్ తొందరపెట్టాడు. “మీరు కాకపోతే ఎవరో చెప్పండి. పేరు చెప్పండి చాలు, పాస్‌వర్డ్ నేను కక్కిస్తా.”

అత్తగారి పెదాలు కదిలాయి. మాట పెగల్లేదు. మళ్లీ కదిలాయి. మొహం ఎర్రబడింది. నుదుట చెమట పట్టింది.

ఇంకా సాక్ష్యం దేనికి, అనుకుంది జిపార్. దొరికిపోయిన మనిషి మొహం ఇలాగే ఉంటుంది.

మామగారి పేరు కోడలి నోట రాకూడదు గనక, ఆ పేరే పెట్టుకున్న కన్నకొడుకుని పుట్టిన నాటి నుంచీ ‘చిన్నోడా’ అని తప్ప పిలిచి ఎరగని ఆ తల్లి, పిండి చేతులతోనే ఫోన్ మీదికి వంగి, జీవితంలో మొట్టమొదటిసారి ఆ పేరు గట్టిగా పలికింది: “అలిమ్‌కుల్!”